కోచ్‌ని పెట్టారంటే నన్ను నమ్మట్లేదనా అక్కా?

ముందు ఉత్తరం. పేరు, ఊరు రాయొద్దంది కాబట్టి అవి తీసేసి, కొంచెం కుదించి పెడుతున్నా.

"అక్కా, మాది భీమవరం దగ్గర పల్లెటూరు. ఇంటర్ అయ్యాక పెళ్ళి, పెళ్ళయ్యాక రొయ్యల ప్లాంట్‌లో పీలింగ్‌లో చేరా. తర్వాత గ్రేడింగ్‌కి మార్చారు, మొన్న సంక్రాంతి అయ్యాక ఫ్లోర్ సూపర్‌వైజర్‌ని చేశారు. నా కింద 40 మంది ఆడవాళ్ళు. సగం మంది మా ఊరోళ్ళే, నాకు పని నేర్పిన పిన్ని కూడా అందులోనే ఉంది. నిన్నటిదాకా వాళ్ళ పక్కన నిలబడి ఒలిచినదాన్ని, ఇవాళ ‘ఇది బాలేదు, మళ్ళీ చెయ్యండి’ అనాలంటే నోరు రావట్లేదు. అనలేక నేనే మళ్ళీ చేసేస్తున్నా, షిఫ్ట్ అయ్యాక కూడా ఉండిపోతున్నా. ఇంటికెళ్ళేసరికి పిల్లాడు నిద్రపోతున్నాడు. ఈలోగా కంపెనీ వాళ్ళు కొత్తగా సూపర్‌వైజర్లయిన నలుగురికీ కోచింగ్ అని పెట్టారు. హైదరాబాద్ నుంచి ఒక మేడం రెండు వారాలకోసారి వీడియో కాల్‌లో గంటసేపు మాట్లాడతారు. మంచావిడే, తెలుగులోనే మాట్లాడతారు, కానీ ఏదడిగినా తిరిగి నన్నే అడుగుతారు. ‘మీకేమనిపిస్తోంది, ఇంకేం చెయ్యొచ్చు’ అని. నాకు తెలిస్తే ఆవిణ్ణి ఎందుకడుగుతా అక్కా? రొయ్య ముట్టుకోని మనిషి నాకేం చెప్తుంది అని కూడా అనిపిస్తోంది. ఫ్లోర్‌లో అప్పుడే ‘దానికి చేతకాక ట్యూషన్ పెట్టించారు’ అని నవ్వుకుంటున్నారు. నిజంగా నన్ను నమ్మకేనా? ఈ కాల్స్ మానేసి పాత టేబుల్‌కే వెళ్ళిపోనా?"

చెల్లీ, మానొద్దు. ఆ కాల్సూ మానొద్దు, ఈ ఉద్యోగమూ మానొద్దు. ఇది ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే నీ ఉత్తరం చదువుతుంటే నువ్వు ఇప్పటికే సగం పాత టేబుల్ దగ్గరికి నడిచెళ్ళిపోయినట్టు అనిపించింది.

నమ్మకం సంగతి చూద్దాం. నువ్వే రాశావు, కొత్తగా సూపర్‌వైజర్లయిన నలుగురికీ పెట్టారని. నీ ఒక్కదానికే పెట్టుంటే అనుమానపడ్డా అర్థముంది, నలుగురికీ పెట్టారంటే కొత్తగా ఆ కుర్చీలోకి వచ్చిన ప్రతివాళ్ళకీ ఇది కావాలని వాళ్ళకి తెలిసిందన్నమాట. అయినా మనసులో పెట్టుకుని నలిగిపోయే బదులు మీ మేనేజర్ గారినే అడిగెయ్, "సార్, ఈ కోచింగ్ నుంచి నా దగ్గర ఏం మార్పు కనపడాలనుకుంటున్నారు" అని. ఆయన చెప్పే మాటలోనే నీకు జవాబు ఉంటుంది. ఇలా అడగడం తప్పేం కాదు, అడగాల్సిన ప్రశ్నే అది, దాని గురించి కింద ఇంకొంచెం రాస్తా.

ఇక ఆ ట్యూషన్ అని నవ్వేవాళ్ళ మాట. మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ తెలుసు కదా, బ్యాడ్మింటన్. 2023లో చిరాగ్ శెట్టితో కలిసి ఆసియా క్రీడల్లో బంగారు పతకం కొట్టాడు, అదే అక్టోబర్‌లో ఇద్దరూ డబుల్స్‌లో ప్రపంచ నంబర్ 1 అయ్యారు. మరి నంబర్ 1 అయ్యేనాటికి వాళ్ళకి కోచ్ లేడా? ఉన్నాడు, డెన్మార్క్ ఆయన మథియాస్ బో, కోర్టు పక్కనే కూర్చునేవాడు. నాకు అంతకంటే ముందు జరిగిన సంగతి ఇంకా ఇష్టం. 2016లో వీళ్ళిద్దర్నీ జత కలిపింది మలేషియా కోచ్ టాన్ కిమ్ హర్, అప్పటికి ఇద్దరూ కోర్టు వెనక నుంచి గట్టిగా బాదే ఆటగాళ్ళే. ఇద్దరూ వెనకే ఉండిపోతే ముందు నెట్ దగ్గర ఎవరు ఆడతారు? తమకి బాగా వచ్చిన ఆటని కొంచెం పక్కన పెట్టి, చేతికి అలవాటు లేని ఆట నేర్చుకోక తప్పలేదు. నువ్వు ఇప్పుడు సరిగ్గా అక్కడే ఉన్నావ్ చెల్లీ.

నిన్ను సూపర్‌వైజర్‌ని ఎందుకు చేశారో ఒక్కసారి ఆలోచించు. నీ చెయ్యి జోరు, నీ కన్ను. గ్రేడింగ్‌లో చేసినదానివి కాబట్టి అరచేతిలో నాలుగు రొయ్యలు వేసుకుంటే ఇది 26-30లో పడుతుందా 31-40లో పడుతుందా నీకు తూకం లేకుండా తెలిసిపోయుంటుంది. (తెలియనివాళ్ళ కోసం, చెరువు గట్టు మీద కౌంట్ అంటే కేజీకి ఎన్ని రొయ్యలు అని, ఎక్స్‌పోర్ట్ ప్యాకింగ్‌లో మాత్రం పౌనుకి ఎన్ని అని లెక్క.) ఆ చేతిని చూసే ప్రమోషన్ ఇచ్చారు. ఇచ్చిన మర్నాటి నుంచీ ఆ చేతితో పనే లేదు, ఇప్పుడు 80 చేతులు సరిగ్గా పని చేసేలా చూడడం నీ పని. ఈ మార్పు ఎవరూ నోటితో చెప్పరు, ఆర్డర్ కాగితంలోనూ రాయరు, కొత్త ఆప్రాన్ ఇచ్చి ఫ్లోర్ చూసుకోమంటారు అంతే. అందుకే కొత్త లీడర్లలో చాలామంది చేసేదే నువ్వూ చేస్తున్నావ్, కష్టం రాగానే చేతికి తెలిసిన పనిలోకి వెళ్ళి దాక్కోవడం. అది బద్ధకం కాదు, భయం, కానీ చూసేవాళ్ళకి మాత్రం బోలెడు కష్టపడుతున్నట్టే కనపడుతుంది. అందుకే దాన్ని పట్టుకోవడం కష్టం. నీకు నువ్వుగా పట్టుకోవడం ఇంకా కష్టం.

నువ్వు తల దించుకుని వాళ్ళ ట్రేలో మిగిలిన నరం తీస్తూ కూర్చున్న ఆ అరగంటలో ఫ్లోర్ మీద ఏం జరుగుతుందో నాకంటే నీకే బాగా తెలుసు. చివరి టేబుల్ మీద ఐస్ కరిగిపోతుంది, సరుకు 4 డిగ్రీల పైకి పోతుంది, కొత్తగా చేరిన పిల్ల బయటికెళ్ళొచ్చి మందు నీళ్ళలో చేతులు ముంచకుండానే టేబుల్ దగ్గర నిలబడుతుంది, టెంపరేచర్ రాయాల్సిన షీట్‌లో రెండు గడులు ఖాళీగా ఉండిపోతాయి, తర్వాత ఎవరో అంచనాగా నింపేస్తారు. నీ చేతిలో ఉన్న ఆ ఒక్క ట్రే మాత్రం అద్దంలా ఉంటుంది.

ఇప్పుడు ఆవిడ ఎందుకు ప్రశ్నలే వేస్తున్నారో చెప్తా. మన వైపు కోచింగ్ అంటే డీఎస్సీకో ఎంసెట్‌కో వెళ్ళేది, సార్ నోట్స్ ఇస్తారు, మనం బట్టీ కొడతాం. ఇది ఆ రకం కాదు. నీకు రొయ్య గురించి తెలియనిది ఆవిడకి తెలుసు అని కాదు కంపెనీ ఆవిణ్ణి పెట్టింది. ఆవిడకి రొయ్య గురించి తెలియకపోవడం ఒకందుకు నీకే మంచిది, ఎందుకంటే తెలిసినవాళ్ళయితే వెంటనే "నేనైతే ఇలా చేసేదాన్ని" అని మొదలెడతారు, ఆవిడ అలా అనలేరు, నువ్వే చెప్పుకురావాలి. చెప్పుకొచ్చేటప్పుడు నీ మాట నీ చెవిన పడుతుంది. ఈ కోచింగ్‌లో సగం పని అక్కడే జరుగుతుంది.

మన డ్వాక్రా గ్రూపుల్లో సీఆర్పీలు ఉంటారు చూడు, కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్ అంటారు, తాము గ్రూపుల్లో పైకొచ్చిన ఆడవాళ్ళే వేరే ఊళ్ళకెళ్ళి కొత్త గ్రూపు లీడర్ల పక్కన కూర్చుని మీటింగ్ ఎలా పెట్టాలి, పుస్తకం ఎలా రాయాలి అని చూపిస్తారు. అది కూడా చాలా గొప్ప సాయం, ఎంతోమంది నోరు విప్పని ఆడవాళ్ళు అలాగే లీడర్లయ్యారు. కానీ అది దారి తెలిసినవాళ్ళు చెయ్యి పట్టుకుని నడిపించడం. నీకు అలాంటి సాయమూ కావాలి, అది ఈ మేడం దగ్గర దొరకదు. షీట్లు ఎలా నింపాలి, ఓవర్‌టైమ్ ఎలా లెక్కెయ్యాలి, లాట్‌ని క్యూసీ (సరుకు నాణ్యత చూసేవాళ్ళు) ఆపేస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఇవి కోచ్‌ని అడిగితే ఎవరికీ టైమ్ కలిసిరాదు. వీటికి మీ ప్లాంట్‌లోనే పాత సూపర్‌వైజర్ ఒకరిని పట్టుకో, టీ తాగుతూ పది నిమిషాలు అడిగితే అయిపోతుంది. కోచ్ దగ్గరికి తీసుకెళ్ళాల్సింది వేరే సరుకు, ఎవరినడిగినా ఒకే జవాబు రానివి, నీ మనసు అడ్డం పడేవి. పిన్నికి చెప్పలేకపోవడం లాంటివి.

నీ ఉత్తరంలో ఒక సంగతి కనిపించింది. నువ్వు ఆవిణ్ణి అడుగుతున్నవి చాలా పెద్ద పెద్ద ప్రశ్నలయ్యుంటాయి, "నా మాట వినేలా ఎలా చేసుకోవాలి మేడం" లాంటివి. అంత పెద్ద ప్రశ్నకి ఎవరైనా తిరిగి ప్రశ్నే వేస్తారు. ఈసారి ఒక రోజుని, ఒక టేబుల్‌ని, ఒక ట్రేని తీసుకెళ్ళు. అప్పుడు మాటలు ఎలా నడుస్తాయో నేను ఊహించి రాస్తున్నా, ఇలాగే జరగాలని లేదు, కానీ మంచి కోచ్ అయితే దగ్గరదగ్గర ఇలాగే ఉంటుంది.

నువ్వు అంటావు, మంగళవారం మూడో టేబుల్‌లో నరం సరిగ్గా తియ్యని సరుకు వచ్చింది, క్యూసీ అమ్మాయి వెనక్కి పంపింది, నేను కూర్చుని సరిచేశా అని. ఆవిడ అడుగుతారు, ఎంతసేపు పట్టింది? నువ్వు, గంట. ఆ గంటలో మిగతా టేబుళ్ళు ఎవరు చూశారు? నువ్వు కాసేపు ఆగుతావు, ఎవరూ చూడలేదు మేడం అంటావు. మూడో టేబుల్ వాళ్ళకి తెలుసా వాళ్ళ సరుకు వెనక్కొచ్చిందని? తెలీదు మేడం, చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? పిన్ని ఉంది మేడం అక్కడ. చెప్తే ఏమవుతుందనుకున్నారు? ఏముంది, ఊళ్ళో నాలుగిళ్ళకీ తెలుస్తుంది, రెండు రోజుల్లో మా అత్తగారి చెవిన పడుతుంది, నిన్నగాక మొన్నొచ్చింది పెద్దదాన్ని మాటందంట అని. ఆవిడ అప్పుడు అడుగుతారు, చెప్పకపోతే పిన్నికి ఏమవుతుంది?

ఈ చివరి ప్రశ్న దగ్గర చాలామంది ఆగిపోతారు, నువ్వూ ఆగుతావు. ఎందుకంటే చెప్పకపోవడం పిన్ని మీద గౌరవం అని నువ్వు అనుకుంటున్నావ్. చెప్పకపోతే జరిగేది ఏంటంటే, పిన్ని సరుకు మళ్ళీ మళ్ళీ వెనక్కొస్తుంది, నెలాఖరికి క్యూసీ రిపోర్ట్‌లో ఆ టేబుల్ నంబర్ కనపడుతుంది, అప్పుడు చెప్పేది నువ్వు కాదు, పైవాళ్ళు చెప్తారు, వాళ్ళు పిన్నీ అని పిలవరు. ఇది నేను నీకు ఇప్పుడు చెప్పేశా, చదివి నిజమే అనుకుని రేపటికి మర్చిపోవచ్చు. అదే నీ నోటితో నువ్వే తేల్చుకుని ఉంటే మర్చిపోవు. ఆ మేడం జవాబు చెప్పకుండా ఓపిక పడుతున్నారంటే అందుకే.

ఈ ప్రశ్నలకి ఒక వరస కూడా ఉంటుంది, గ్రో అనే పద్ధతి, 1980లలో ఇంగ్లండ్‌లో పుట్టింది, ఇప్పుడు చాలామంది కోచ్‌లు ఏదో ఒక రూపంలో వాడతారు. నీకేం కావాలి, ఇప్పుడు అసలు పరిస్థితి ఏంటి, ఏమేం చెయ్యొచ్చు, అందులో ఏది ఎప్పటిలోగా చేస్తావ్. ఇందులో రెండోది, ఇప్పుడున్న పరిస్థితిని ఉన్నదున్నట్టు చెప్పడం, దాని దగ్గరే మనం తొందరపడి దాటేస్తాం. దాని మీద ఎక్కువసేపు కూర్చో. "వాళ్ళు నా మాట వినరు" అనేది పరిస్థితి కాదు, నీ బాధ. "ఈ వారం నేను ఇద్దరికి చెప్పా, ఒకరు విన్నారు, ఒకరు మొహం తిప్పుకున్నారు, మిగతా 38 మందికి నేనేమీ చెప్పలేదు" అనేది పరిస్థితి. రెండోది రాసుకుని చూస్తే బాధ సగం తగ్గుతుంది, వినని మనిషి ఒక్కరే కదా అని తెలుస్తుంది.

పిన్నితో ఎలా మాట్లాడాలో కూడా అడిగావనుకుని రాస్తున్నా, కోచ్ చెప్పరు కానీ నేను కోచ్‌ని కాదుగా, అక్కని.

పిన్నీ అని పిలవడం మానొద్దు. కొంతమంది సలహా ఇస్తారు, ఫ్లోర్‌లో వరసలు పెట్టుకోకు, పేరు పెట్టి పిలువు, అప్పుడే భయముంటుంది అని. మన గోదావరి జిల్లాల్లో అది అస్సలు పని చెయ్యదు, పని చెయ్యకపోగా నీకు కళ్ళు నెత్తికెక్కాయని మొత్తం టేబుల్ నీకు ఎదురు తిరుగుద్ది. వరస ఉంచు, మాట మాత్రం సూటిగా చెప్పు. ఒకే ఆటోలో వస్తారేమో మీరంతా, ఆ ఆటో మానెయ్యొద్దు, కానీ ఆ మాట ఆటోలో ఎత్తొద్దు, టేబుల్ దగ్గర నలుగురి ముందు కూడా ఎత్తొద్దు. టీ టైమ్‌లో పక్కకి పిలిచి, నిన్న రెండో ట్రేలో నరం మిగిలిన రొయ్యలు ఎక్కువొచ్చాయి పిన్నీ, ఏమైంది, అని అడిగి ఆగు. ఆగడం ముఖ్యం. మనకి భయమేసినప్పుడు నోరు ఆగదు, "అంటే నేను అనట్లేదు పిన్నీ, క్యూసీ వాళ్ళే" అని పక్కవాళ్ళ మీదికి తోసేస్తాం, అక్కడితో మాట విలువ పోతుంది.

ఆగితే ఏమొస్తుందో నీకు తెలీదు. నాకు తెలిసిన ఒక ప్లాంట్‌లో ఇలాగే ఒక పెద్దావిడ, చాలా ఏళ్ళ నుంచి మంచి చెయ్యి, ఉన్నట్టుండి సరుకు పాడవడం మొదలైంది. పొగరు అన్నారు, కొత్త సూపర్‌వైజర్‌ని లెక్క చెయ్యట్లేదన్నారు. ఆ పిల్ల పక్కకి పిలిచి అడిగి ఊరుకుంటే, కాసేపటికి ఆవిడే చెప్పింది, దగ్గరది కనపడట్లేదమ్మా, చెప్తే తీసేస్తారని చెప్పలేదు అని. నలభై దాటాక దగ్గర చూపు తగ్గడం మామూలే కదా, తడి చేతులతో తెల్లటి లైట్ కింద సన్నటి నల్ల నరం వెతకాలంటే ఇంకా కష్టం. దగ్గర చూపుకి కళ్ళజోడు తెచ్చుకుంది, ట్యూబ్‌లైట్ సరిగ్గా పైన ఉన్న చోటికి మార్చారు, మళ్ళీ పాత చెయ్యి వచ్చేసింది. అదే ఆ సూపర్‌వైజర్ రోజూ చాటుగా ఆవిడ ట్రే సరిచేస్తూ కూర్చునుంటే ఆ కళ్ళ సంగతి ఎప్పటికి బయటపడేది? మీ పిన్నిది కూడా ఇదే అని నేను అనట్లేదు, నిజంగా నిన్ను లెక్క చెయ్యకపోవడమే అయ్యుండొచ్చు కూడా. అలా అయితే అదైనా తెలుస్తుంది, తెలిస్తే దాని మీద కోచ్‌తో తర్వాతి గంట మాట్లాడొచ్చు.

అసలు ఈ కోచింగ్ పని చేసేది కాల్‌లో కాదు, రెండు కాల్స్ మధ్య ఉన్న రెండు వారాల్లో. ప్రతి కాల్ చివర ఒక్కటంటే ఒక్క పని ఒప్పుకో, చిన్నది, మళ్ళీ కాల్ నాటికి చేశానో లేదో తేల్చి చెప్పగలిగేది. "ధైర్యంగా ఉంటా" లాంటిది వద్దు. "ఈ రెండు వారాలు రీవర్క్ (మళ్ళీ సరిచెయ్యాల్సిన సరుకు) వస్తే నేను ట్రే ముట్టుకోను, ఆ టేబుల్‌కే తిరిగిస్తా" అనేది పని. చెయ్యలేకపోయావా, ఏ నిమిషంలో చెయ్యి ట్రే మీదికి వెళ్ళిపోయిందో గుర్తుపెట్టుకుని అదే చెప్పు, చెయ్యగలిగిన రోజు కంటే చెయ్యలేకపోయిన రోజు గురించి మాట్లాడితేనే ఎక్కువ దొరుకుతుంది. ఫోన్‌లో వాయిస్ రికార్డ్ చేసుకో, షిఫ్ట్ అయ్యాక గేటు దగ్గర నిలబడి రెండు నిమిషాలు, ఇవాళ ఎక్కడ నోరు పెగల్లేదు, ఎక్కడ పెగిలింది అని. కాల్‌కి ముందు ఒకసారి వింటే చాలు, పెద్ద డైరీలేం అక్కర్లేదు.

ఇదంతా నిజంగా పని చేస్తుందా అని అడిగేవాళ్ళ కోసం రెండు సంగతులు. 1997లో అమెరికాలో ఒక ప్రభుత్వ సంస్థలో 31 మంది మేనేజర్ల మీద ఒక పరిశీలన జరిగింది, ముందు వాళ్ళకి ట్రైనింగ్ ఇచ్చారు, తర్వాత 8 వారాలు ఒక్కొక్కరికీ విడిగా కోచింగ్ ఇచ్చారు. ట్రైనింగ్ ఒక్కదాంతో పనితీరు 22 శాతం చిల్లర పెరిగితే, కోచింగ్ కూడా కలిశాక 88 శాతం పెరిగిందని లెక్క తేలింది. ఆ 88ని చూసి కంగారుపడొద్దు, మనుషులు తక్కువ, ఒక్క చోటే జరిగింది, పోల్చి చూడ్డానికి కోచింగ్ లేని ఇంకో గుంపు కూడా లేదు, కాబట్టి ఆ అంకెని ఎక్కడంటే అక్కడ చెప్పేవాళ్ళని నేను నమ్మను. కానీ 2014లో నెదర్లాండ్స్ పరిశోధకులు అప్పటికి వచ్చిన 18 పరిశీలనల్ని కలిపి చూసినా, పనితీరులోనూ, ఒత్తిడి తట్టుకోవడంలోనూ, పని మీద ఇష్టంలోనూ, పెట్టుకున్న లక్ష్యం వైపు తనని తాను నడిపించుకోవడంలోనూ మేలే కనపడింది. నాకు ఇందులో ఆశ్చర్యమేం లేదు. ట్రైనింగ్ క్లాసులో చెప్పింది బాగానే ఉంటుంది, బిర్యానీ తిని సర్టిఫికెట్ తీసుకుని వస్తాం, మర్నాడు ఫ్లోర్‌లోకి గమ్ బూట్లేసుకుని దిగాక ఎదురుగా పిన్ని ఉంటుంది. క్లాసులో పిన్ని గురించి ఎవరూ చెప్పలేదు. కోచింగ్‌లో మాట్లాడేదే ఆ పిన్ని గురించి.

ఇప్పుడు మేనేజర్ గారి సంగతి, ఇది జాగ్రత్తగా చదువు. డబ్బు కట్టేది కంపెనీ, మాట్లాడేది నువ్వు, మధ్యలో ఆవిడ. నువ్వు చెప్పినవి ఎంతవరకు కంపెనీకి వెళ్తాయి అనేది మొదట్లోనే తేల్చుకోవాలి, ఇంకా తేల్చుకోలేదంటే వచ్చే కాల్‌లో మొదటి మాటగా అదే అడుగు. సరైన కోచ్ అయితే సూటిగా చెప్తారు, నువ్వు చెప్పింది నీ అనుమతి లేకుండా బయటికి పోదు, కంపెనీకి వెళ్ళేది ఫలానాది మాత్రమే, సాధారణంగా ఎన్ని కాల్స్ అయ్యాయి, ఏ లక్ష్యం మీద పని చేస్తున్నారు అన్నంతవరకే అని. చట్టం ఒప్పుకోని పనులో, ఎవరి ప్రాణానికో ముప్పు ఉన్న సంగతులో అయితే ఆ మాట వర్తించదు, అది కూడా ముందే చెప్తారు. ప్రపంచంలో కోచ్‌లకి పెద్ద సంఘం ఒకటుంది, ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్, 1995లో మొదలైంది, వాళ్ళ నియమావళిలో ఈ గోప్యత సంగతి ముఖ్యమైనది. వాళ్ళిచ్చే మూడు స్థాయిల్లో మొదటి దానికే కనీసం 100 గంటలు, రెండోదానికి 500 గంటలు, పైదానికి 2500 గంటలు కోచింగ్ చేసుండాలి. మీ మేడంకి అందులో ఏదైనా ఉందా అని మర్యాదగా అడగొచ్చు, తప్పు పట్టరు. లేకపోయినంత మాత్రాన పనికిరానివాళ్ళనీ కాదు, ఉన్నంత మాత్రాన నీకు కుదురుతారనీ కాదు. కుదరడం అనేది పెద్ద విషయం ఇందులో. మూడు నాలుగు కాల్స్ అయ్యాక కూడా ఆవిడతో నిజం చెప్పబుద్ధి కాకపోతే, లేదా గంటలో సగం ఆవిడే మాట్లాడుతుంటే, లేదా నువ్వు చెప్పిన మాట ఇంకో దారిలో నీకే తిరిగి వినపడితే, వేరే కోచ్‌ని అడుగు. నువ్వు రాసినదాన్ని బట్టి చూస్తే మీ మేడం అలాంటావిడలా లేరు.

మేనేజర్ గారు, మీ మేడం, నువ్వు, ముగ్గురూ కలిసి ఒక అరగంట మాట్లాడుకోవాలి. ఆయన తనకి కావాల్సిన మార్పు ఏంటో నీ ముందే, ఆవిడ ముందే చెప్పాలి. "నువ్వు స్ట్రాంగ్ అవ్వాలి" అంటే సరిపోదు. రీవర్క్ తగ్గాలా, షీట్లు టైమ్‌కి నిండాలా, మానేసేవాళ్ళు తగ్గాలా, ఏదో ఒకటి కంటికి కనపడేది చెప్పించుకో. నువ్వూ అప్పుడే నీకు ఆయన దగ్గర్నుంచి కావాల్సింది చెప్పు.

ఎందుకంటే ఒక మాట గట్టిగా చెప్పాలి, ఈ కోచింగ్ చాలా చోట్ల దేనికి వాడుకుంటారో నేను చూశాను. ఐస్ చాలినంత రాదు, టేబుల్‌కి ఇద్దరు మనుషులు తక్కువ, బస్సు రోజూ ఇరవై నిమిషాలు లేటు, గ్లోవ్స్ చిరిగినా కొత్తవి ఇవ్వరు, అన్నీ అలాగే ఉంచి సూపర్‌వైజర్‌కి మాత్రం కోచింగ్ పెట్టి, నీలో లీడర్‌షిప్ రావాలి అంటారు. లీడర్‌షిప్‌తో ఐస్ గడ్డకట్టదు చెల్లీ. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు చెరువు రైతు దగ్గర్నుంచి పీలింగ్ టేబుల్ దాకా అందరి మీదా ఒత్తిడి ఎలా పడిందో మన జిల్లాల్లో అందరికీ తెలుసు, అలాంటి ఒత్తిడి పైనుంచి కిందకి జారి జారి చివరికి సూపర్‌వైజర్ నెత్తి మీద ఆగుతుంది. కాబట్టి కోచ్‌తో మాట్లాడేటప్పుడు రెండు గంపలు పెట్టుకో, నేను మారితే మారేవి ఒకదాంట్లో, కంపెనీ మారిస్తేనే మారేవి ఇంకోదాంట్లో. మొదటి గంప కోచ్ దగ్గరికి. రెండోది రాతపూర్వకంగా, తేదీతో, మేనేజర్ గారికి, ఆయనకి ఎలా చెప్పాలో మాత్రం కోచ్ దగ్గర ప్రాక్టీస్ చెయ్యొచ్చు. చాలామంది కొత్త సూపర్‌వైజర్లు కిందివాళ్ళతో మాట్లాడ్డమే కష్టం అనుకుంటారు, నన్నడిగితే పైవాళ్ళకి "ఇది ఇలా కుదరదు సార్" అని చెప్పడం అంతకంటే కష్టం, ఫ్లోర్‌లో నీ విలువ పెరిగేది కూడా అక్కడే. నువ్వు వెళ్ళి అడిగి కొత్త గ్లోవ్స్ ఇప్పించిన రోజున చూడు, ట్యూషన్ అన్న నోళ్ళు ఏమంటాయో.

ఎన్నాళ్ళు పడుతుంది అంటే, అందరికీ ఒకే లెక్క ఉండదు. మొదటి రెండు మూడు కాల్స్ ఇలా విసుగ్గానే ఉంటాయి, మనకి చిన్నప్పట్నుంచీ ఎవరో ఒకరు ఏం చెయ్యాలో చెప్పడమే అలవాటు, ఇంట్లో నాన్న, బళ్ళో మాస్టారు, తర్వాత అత్తగారు, పనిలో సూపర్‌వైజర్. "నువ్వేమనుకుంటున్నావ్" అని మనల్ని అడిగినవాళ్ళు ఎంతమంది? ఒక మనిషి గంటసేపు ఫోన్ పక్కన పెట్టి, తన పని మానుకుని, నీ మాట వినడానికి కూర్చుంటోంది. ఇలాంటి గంట మన ఆడవాళ్ళకి, అందులోనూ పీలింగ్ టేబుల్ నుంచి పైకొచ్చినవాళ్ళకి, అంత సులువుగా దొరకదు. వాడుకో. నాలుగైదు నెలలు వదలకుండా చేసి, అప్పటికీ నీకు ఈ పని వద్దనిపిస్తే పాత టేబుల్‌కి వెళ్ళు, అది ఓడిపోవడం కాదు, మంచి గ్రేడర్‌గా గర్వంగా బతకొచ్చు. కానీ పిన్నికి భయపడి మాత్రం వెళ్ళొద్దు, చేసి చూసి వెళ్ళు.

పిల్లాడి సంగతి రాశావు, అది నన్ను బాగా పట్టుకుంది. షిఫ్ట్ అయ్యాక ఉండిపోవడం ఈ వారంలోనే ఆపు, దానికి కోచ్ అక్కర్లేదు. రీవర్క్ మిగిలితే ఏ టేబుల్‌దో రాసి తర్వాతి షిఫ్ట్ సూపర్‌వైజర్‌కి చెప్పి, సరుకు ఐస్‌లో పెట్టించి వచ్చెయ్. మొదటి రోజు ఎవరో ఒకరు ఏదో ఒకటంటారు, అననీ. ఇంట్లో మీవారికి, అత్తగారికి కూడా చెప్పు, రెండు వారాలకోసారి ఆ గంట నన్ను కదిలించొద్దు, అది ఆఫీసు పనే అని. వంటింట్లో ఫోన్ గోడకి ఆనించి పప్పు తిప్పుతూ మాట్లాడితే ఏదీ బుర్రకెక్కదు. వీలైతే ప్లాంట్‌లోనే ఒక గది అడుగు, డ్యూటీ టైమ్‌లోనే పెట్టమని అడుగు, కంపెనీ పెట్టించిన కోచింగ్‌కి కంపెనీ టైమ్ ఇవ్వడం న్యాయమే.

వచ్చే కాల్‌కి మంగళవారం ట్రే లాంటిది ఒకటి పట్టుకెళ్ళు, ఆ ముగ్గురి మీటింగ్ మాత్రం సోమవారమే మేనేజర్ గారిని అడుగు. కంటైనర్ లోడింగ్ ఉన్న రోజయితే అడక్కు, మర్నాడు పొద్దున్నే, ఆయన ఇంకా ఫ్లోర్‌లోకి రాకముందు అడుగు.